మా అల్లుడుగారి చర్చ

మా ఇళ్ళలో అత్తగారు అల్లుడితో ఎదురుపడి మాట్లాడదు. ఇప్పటి పిల్లలకి చెబితే నవ్వుతారు గాని, ఇల్లరికం వచ్చిన అల్లుడితో ఒకే కప్పు కింద పద్దెనిమిదేళ్ళు ఉండి, నేరుగా ఒక్క మాట అనని మనిషిని నేను. ఆయనా అంతే. నేను వంటింటి గుమ్మానికి అవతల, ఆయన వసారాలో పడక్కుర్చీలో, మధ్యలో మా అమ్మాయి కోటేశ్వరి.

"అబ్బాయిగారు భోజనానికి లేస్తారేమో అడగవే" అని నేను.

"లేస్తున్నానని చెప్పు" అని ఆయన.

కోటేశ్వరి లేకపోతే మనవరాలు శ్రీరమ్య. అదీ బడికి పోతే పంచలో కట్టేసిన గేదె. "ఏమే, అబ్బాయిగారికి మజ్జిగ ఉట్టి మీద ఉందని చెప్పు" అని గేదెతో అనేదాన్ని. ఆయన గేదె వంక చూసి "సరే" అనేవారు. మాట అందింది, అది చాలు.

అలాగని నేను నోరులేని దాన్ని కాదు. సుబ్బరావమ్మ మొదలుపెడితే పొయ్యి మీద పాలు పొంగిపోవాల్సిందేనని ఊళ్ళో వాడుక. ఎవరి పెళ్ళిలో ఏం కూర వండారో, ఎవరి గేదె ఏ ఏడు ఈనిందో నన్నే అడుగుతారు. ఆ నోటికి తాళం పడింది ఒక్క అల్లుడుగారి దగ్గరే.

మా ఊరు సత్తెనపల్లికి నాలుగు మైళ్ళు. నేను చెప్పేది రెండువేల ఆరో సంవత్సరం సంగతి. మిరప మోసం చేసిన ఏడు అంటారు మా ఊళ్ళో.

మా అల్లుడు నాగేంద్రబాబుగారిది పెద్ద గొంతు. ఎడ్ల బండలాగుడు పోటీల్లో మైకు పట్టుకుంటే పక్క ఊళ్ళో ఎద్దులు కూడా లేచి నిలబడేవి. ఆ గొంతు విని సత్తెనపల్లి కేబుల్ టీవీ యజమాని పిలిచి, మేడ మీద నీలం గుడ్డ కట్టి, దాని ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. ఆదివారం పొద్దున పదింటికి చర్చ. దాని పేరు 'తేల్చేద్దాం'. ఏం తేలుస్తారో దేవుడికెరుక. ఎద్దుల్ని అదిలించిన గొంతుతోనే మనుషుల్నీ అదిలించడం మొదలుపెట్టారు.

ఆ అదిలింపు అక్కడితో ఆగినా బాగుండేది. ఇంటికొచ్చింది.

"కూరలో ఉప్పు వేశావా లేదా? సూటిగా చెప్పు" అంటారు అన్నం ముందు కూర్చుని.

"వేశానండి, కాకపోతే గల్లుప్పు అయిపోయి..." అని కోటేశ్వరి.

"ఒక్క నిమిషం! వేశానంటోంది, విన్నారుగా!"

వినడానికి అక్కడ ఎవరున్నారు? నేనూ గేదే. మరి కూర చప్పగానే ఉంది. ఉప్పు ఎందుకు తగ్గిందో ఆ పిల్లని చెప్పనిస్తే ఒక గిన్నెడు ఉప్పు తెప్పించుకునేవాళ్ళం. అది అక్కర్లేదు ఆయనకి. గెలవాలి, అంతే. చప్పటి కూర తిని గెలిచినట్టు లేచేవారు.

మా మామగారు ఊళ్ళో తగువులు తీర్చేవారు. ఒక పక్షం వాళ్ళు మాట్లాడేటప్పుడు చుట్ట వెలిగించేవారు. ఆ చుట్ట ఆరేదాకా వాళ్ళదే మాట, రెండోవాడు పెదవి విప్పకూడదు. తర్వాత కొత్త చుట్ట వెలిగించి రెండోవాడి వైపు తిరిగేవారు. మధ్యలో ఆయన నోటి నుంచి వచ్చేది "ఊఁ, తర్వాత?" అన్న మాటొక్కటే. కోపంతో వచ్చినవాడు చుట్ట సగం కాలేసరికి తన తప్పు తానే చెప్పుకునేవాడు. ఆ ఇంట్లోనే కూర్చుని ఈ అల్లుడుగారు "టైం లేదు, టైం లేదు" అంటుంటే నాకు ఒళ్ళు మండేది. మండి ఎవరితో అనను? గేదెతో అనేదాన్ని.

ఇక మిరప సంగతి.

ఊరి చివర వాగు పక్కన మీరా హుస్సేను అరెకరంలో నారుమళ్ళు పెంచుతాడు. ముప్పై ఏళ్ళుగా ఊరంతటికీ మిరప నారు అతని మళ్ళలోంచే. విత్తనం అతనిది కాదు. ఎవరి విత్తనాల పొట్లం వాళ్ళు కొట్లో కొనుక్కొచ్చి అతని చేతిలో పెట్టాలి. అతను వాళ్ళ పేరున ఒక మడి కట్టి పోస్తాడు. ఖాళీ పొట్లాన్ని వెదురుపుల్లకి గుచ్చి ఆ మడి తలాపున పాతుతాడు. పుల్లల్ని చూసుకుంటూ వెళ్ళి ఎవరి మడి వాళ్ళు గుర్తుపట్టుకుంటాం. నారు పీకేశాక ఆ పొట్లాలన్నీ తీసి గోనెసంచిలో వేసి దాస్తాడు.

"ఈ చెత్తంతా ఎందుకయ్యా హుస్సేనూ?" అంటే, "రేపు ఎవరైనా అడిగితే చూపించొద్దా అక్కా" అనేవాడు.

ముప్పై ఏళ్ళలో ఎవరూ అడగలేదు. ఒకప్పుడు రైతులు దగ్గరుండి పోయించుకునేవాళ్ళు. రానురాను తొందరలెక్కువై, పొట్లం చేతిలో పెట్టి "నువ్వే పోసెయ్ హుస్సేనూ" అని వెళ్ళిపోవడం అలవాటైంది. నమ్మకం అలాంటిది.

ఆ ఏడు దీపావళి వెళ్ళాక కాయ బయటపడింది. పక్కపక్క మొక్కలకి ఒకదానికి పొట్టి కాయ, ఒకదానికి పాలిపోయిన కాయ. ఇంకోదానికి పూతే నిలవలేదు. ముప్పై నాలుగు ఇళ్ళవాళ్ళ చేలు అలాగే ఉన్నాయి. మా చేనూ అంతే.

పేరయ్య మా ఊరి పెద్ద రైతు, నన్ను పిన్నీ అంటాడు. మంచివాడే, కాకపోతే ముక్కు మీద కోపం. "మన పొట్లాల్లో మంచి విత్తనం దాచుకుని, హుస్సేను నాసి విత్తనం పోశాడు" అన్నాడు చావిట్లో. ఎవరికైనా ఒక మనిషి కావాలి కదా తిట్టుకోడానికి. విత్తనాల కంపెనీని తిడదామంటే దాని మొహం ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు. హుస్సేను మొహం రోజూ కనబడుతుంది.

ఆ ఆదివారం హుస్సేనునీ పేరయ్యనీ 'తేల్చేద్దాం'లో కూర్చోబెట్టారు అల్లుడుగారు. మా వసారా నిండా జనం. హుస్సేను ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఒళ్ళో గోనెసంచి పెట్టుకుని కూర్చున్నాడు. ఆ సంచి చూడగానే, అమ్మయ్య, పొట్లాలు తీసుకెళ్ళాడు అనుకున్నాను.

"మీరా హుస్సేన్ గారూ, సూటి ప్రశ్న. ఈ ముప్పై నాలుగు ఇళ్ళ నారూ మీ చేతి మీదుగా వెళ్ళిందా, లేదా?"

"వెళ్ళిందండి బాబుగారూ, కాకపోతే విత్తనం..."

"వెళ్ళిందన్నారు! విత్తనం మీ చేత్తోనే పోశారా, లేదా?"

"పోశానండి. అది పొట్లంలో ఏదుంటే అదే..." అంటూ సంచి మూతి విప్పబోయాడు.

"సంచి తర్వాత చూద్దాం. పోసేటప్పుడు రైతులందరూ అక్కడున్నారా? అవునా, కాదా?"

"కొందరు ఉన్నారండి, కొందరు నమ్మకం మీద..."

"అంటే లేరు! రైతులు లేనప్పుడు విత్తనం పోశారు! ఇది నేనంటున్న మాట కాదు, ప్రేక్షకులారా, వారి నోటితో వారే చెప్పారు!"

ఎంతసేపని, గంట. గంటలో ఆ మనిషి ఒక్క వాక్యం చివరిదాకా చెప్పలేదు. పేరయ్యనైనా చెప్పనిచ్చారా? అతను మాట్లాడబోయినా "మీ పాయింటుకే వస్తున్నా" అన్నారు. ఆ పాయింటు ఎక్కడుందో గాని చివరిదాకా రాలేదు. హుస్సేను సంచి విప్పనే లేదు. పాపం, దాని మూతిని రెండు చేతులతో పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

కింద అక్షరాలు పాకుతున్నాయి. నాకు చదువు రెండో తరగతి. ఒక అక్షరం పట్టుకునేసరికి నాలుగు వెళ్ళిపోతాయి. "ఏంటే అవి?" అని శ్రీరమ్యనడిగాను.

"ఈ కార్యక్రమం సమర్పిస్తున్నవారు అని, మెయిన్ రోడ్డు విత్తనాల కొట్టు పేరు అమ్మమ్మా."

ఆ కొట్టు పేరు నేనిక్కడ చెప్పను. మా ఇంటి పొట్లాలు వచ్చింది ఆ కొట్టు నుంచే.

ఆ సాయంత్రమే హుస్సేను వంగ నారుమళ్ళు ఎవరో తొక్కేశారు. రెండో రోజుకి పోలీసులకివ్వడానికి అర్జీ తయారైంది. ముప్పై సంతకాలు. వచ్చే ఆదివారం రెండో చర్చ అయ్యాక, అటునుంచటే స్టేషన్‌కి వెళ్ళి ఇస్తామన్నాడు పేరయ్య. కేసు పడితే మనిషి లోపలికి పోతాడు. పోకపోయినా, దొంగ విత్తనం పోశాడన్న పేరు పడ్డవాడికి మళ్ళీ పొట్లం ఎవరిస్తారు?

హుస్సేను భార్య సర్దార్‌బీ వచ్చి మా పెరటి గడపలో కూర్చుంది.

"అన్నం తినట్లేదు వదినా. ఆ సంచి ముందేసుకుని పొట్లాలు లెక్కపెడతాడు, మళ్ళీ సర్దుతాడు. వచ్చే వారమైనా నన్ను చెప్పనిస్తారా సర్దార్ అని నన్నే అడుగుతున్నాడు. నాకేం తెలుసు? మీ అల్లుడుగారికి ఒక్క మాట మీరు చెప్పకూడదా?"

"నేనా?"

"మీరే. ఊరందరితో మాట్లాడతారుగా."

ఏం చెప్పను? తల వంచుకుంటే పెరట్లో నా మిరప మొక్కలు కనిపించాయి. ఇంటి వాడకానికని బావి పక్కన పది మొక్కలు వేస్తాను ఏటా. ఆ ఏడు అల్లుడుగారు మూడు పొట్లాలు తెచ్చారు. రెండు హుస్సేనుకిచ్చాం. మూడోది నేనే నా చేత్తో విప్పి, బావి పక్కనే చల్లి, నారు పెంచి నాటాను. హుస్సేను గాలి కూడా దానికి తగల్లేదు. దగ్గరికెళ్ళి చూశాను. పొట్టి కాయ. పక్కన పాలిపోయిన కాయ. దాని పక్కన పూత లేని మొక్క. రోజూ నీళ్ళు పోస్తూ బావి పక్క నీడ కదా, అందుకని అనుకున్నాను. నాకెంత బుద్ధి లేదో చూడండి.

మధ్యాహ్నం భోజనాల దగ్గర గుమ్మం ఇవతల నిలబడి చెప్పాను. "కోటేశ్వరీ, పెరట్లో మొక్కలకీ అదే రోగమని అబ్బాయిగారికి చెప్పు. అది హుస్సేను పోసింది కాదని చెప్పు. ముగ్గురం కలిసి వెళ్ళి చూద్దామని చెప్పు."

కోటేశ్వరి ఉన్నదున్నట్టు చెప్పింది. ఒక్క మాట తగ్గించలేదు, ఒక్కటి కలపలేదు. పద్దెనిమిదేళ్ళూ అంతే అది.

ఆయన ముద్ద కలుపుతూ ఆగారు. రోగం ఆ కొట్టు పొట్లాల్లోనే ఉందని ఆయనకి తెలుసు. ఆ ఆగడంలోనే నాకర్థమైంది.

"మనింటి విషయాలు చర్చలోకి లాగకూడదని మీ అమ్మగారికి చెప్పు" అన్నారు.

"మనింటిది కాదు, హుస్సేను ఇంటిదని చెప్పు" అన్నాను.

"చర్చకొక పద్ధతుంటుందని చెప్పు. ఆధారాలున్నవాళ్ళు చర్చలోనే చెప్పాలి. ఫోన్ లైన్లు అందరికీ తెరిచే ఉంటాయని చెప్పు."

"అందరికీనా అని అడుగు."

"అందరికీనేనని చెప్పు!" అని చెయ్యి కడుక్కున్నారు. అన్నం సగం మిగిలింది.

ఆదివారం వచ్చింది. మళ్ళీ అదే నీలం గుడ్డ. హుస్సేను ఒళ్ళో అదే సంచి. చొక్కా కూడా అదే, ఇస్త్రీ లేదు. పేరయ్య పై జేబులోంచి అర్జీ కాగితం తొంగిచూస్తోంది.

"ఈ రోజు తేల్చేద్దాం!" అన్నారు అల్లుడుగారు. "హుస్సేన్ గారూ, పోయిన వారం మీరే ఒప్పుకున్నారు..."

"నేనేం ఒప్పుకోలేదండి..."

"ఒక్క నిమిషం, ఒక్క నిమిషం! అబద్ధమాడుతున్నారా? టేపు వేసి చూపించమంటారా?"

"రమ్యా, తెర మీద ఆ నంబరు కొట్టవే" అన్నాను.

"నీకు పిచ్చా అమ్మా?" అంది కోటేశ్వరి. కాని ఆపలేదు. తన చేత్తో టీవీ సౌండు తగ్గించింది, ఫోన్లో గోల రాకుండా.

నాలుగోసారికి కలిసింది.

"ఫోన్లో ఒక ప్రేక్షకురాలున్నారు. హలో! ఎవరమ్మా, ఎక్కడినుంచి? మీ ప్రశ్న సూటిగా అడగండి, టైం లేదు."

ఆయన నాతోనే మాట్లాడుతున్నారు. ఫోన్లో, టీవీలో, ఊరందరి ముందు. ఏమని పిలవను? పద్దెనిమిదేళ్ళలో పిలిచి ఉంటే కదా.

"హుస్సేనూ" అన్నాను. "నేను, సుబ్బరావమ్మక్కని."

టీవీలో హుస్సేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "అక్కా!"

అల్లుడుగారి నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. నన్ను ఆపాలంటే నాతో మాట్లాడాలి. అది ఆయన వల్ల కాదు. చివరికి హుస్సేను వైపు తిరిగి, "ఆవిడగారిని... చెప్పమనండి" అన్నారు.

"చెప్పమంటున్నారక్కా" అన్నాడు హుస్సేను.

"అబ్బాయిగారిని అడుగు హుస్సేనూ. మా ఇంటికి ఈ ఏడు మిరప పొట్లాలు ఎన్నొచ్చాయో."

"ఎన్నొచ్చాయని అడుగుతున్నారండి."

"మూడని చెప్పండి."

"మూడంటక్కా."

"నీకెన్నిచ్చాం?"

"రెండక్కా. పునర్వసు కార్తెలో. మీ మడి వాగు వైపు నుంచి నాలుగోది." అంటూనే కూర్చుని సంచి మూతి విప్పాడు. ఎవరూ వద్దనలేదు. ఒక్కొక్క పొట్లం తీసి బల్ల మీద పేరుస్తున్నాడు. ప్రతిదానికీ నడిమిట పుల్ల గుచ్చిన కన్నం, మూల మీద మెయిన్ రోడ్డు కొట్టువాళ్ళ ముద్ర.

"మూడోది నా చేత్తో మా పెరట్లో పోశాను. నువ్వు ముట్టుకోలేదు. ఆ మొక్కలకీ చేలో మొక్కల రోగమే ఉంది. ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు, మా పెరటి తలుపు తీసే ఉంటుంది. పేరయ్యా, వింటున్నావా?"

"వింటున్నా పిన్నీ" అన్నాడు పేరయ్య. ఒక పొట్లం చేతిలోకి తీసుకుని తిప్పి చూస్తున్నాడు. అది అతనిదే.

"ఇంకొక్కటే అడుగు హుస్సేనూ. ఆ మూడు పొట్లాలూ ఏ కొట్లో కొన్నారో అబ్బాయిగారిని చెప్పమను."

హుస్సేను అడిగాడు. మెల్లగా, మర్యాదగా, "బాబుగారూ, ఏ కొట్లో కొన్నారని అక్కయ్యగారు అడుగుతున్నారండి" అని. అడిగి ఊరుకున్నాడు. అవునా కాదా అనలేదు, సూటిగా అనలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎంతసేపైనా ఫర్వాలేదన్నట్టు చూస్తూ కూర్చున్నాడు. చేతిలో మా మామగారి చుట్ట ఒక్కటే తక్కువ.

ఇంట్లో కోటేశ్వరి టీవీ వంక చూడకుండా కొంగు అంచు మెలిపెడుతోంది. తెర కింద ఆ కొట్టు పేరు ఈ చివరి నుంచి ఆ చివరికి పాకి, మళ్ళీ మొదటి నుంచి మొదలైంది.

అల్లుడుగారు ఆ కొట్టు పేరు చెప్పారు. ఎద్దుల్ని లేపే గొంతు కాదది. ఇంట్లో "సరే" అనే గొంతు.

"ఊఁ, తర్వాత అక్కా?" అన్నాడు హుస్సేను.

"ఇంకేం లేదయ్యా. ఇంటికొచ్చి అన్నం తినమని సర్దార్‌బీ చెప్పమంది."

చర్చ అయ్యాక స్టేషన్‌కి వెళ్ళాల్సినవాళ్ళు ముప్పై మందీ మా పెరట్లోకి వచ్చారు. పది మొక్కల చుట్టూ నిలబడి, చేలో కోసుకొచ్చిన కాయల్నీ వీటినీ పక్కపక్కన పెట్టి చూశారు. పేరయ్య జేబులో అర్జీని నాలుగు మడతలు పెట్టి రొంటిన దోపుకున్నాడు. హుస్సేనుకి తప్పయిందని చెప్పాడా అంటే, చెప్పలేదు. మర్నాడు పొద్దున్నే పార పట్టుకెళ్ళి, తొక్కేసిన వంగ మళ్ళు తానే కట్టి వచ్చాడు. మా ఊళ్ళో తప్పయిందనడం అలాగే ఉంటుంది.

ఆ ఏడు పంట మాత్రం ఎవరికీ తిరిగి రాలేదు. కొట్టువాళ్ళు కొన్నాళ్ళు తలుపులు వేసుకుని, వేరే పేరుతో మళ్ళీ తెరిచారు. కేబుల్ యజమాని అల్లుడుగారిని ఇక రావద్దన్నాడు. 'తేల్చేద్దాం' ఆగిందనుకున్నారా? ఆగలేదు. ఇంకొకాయన వచ్చాడు, గొంతు మా అల్లుడుగారికి రెండింతలు. ఇప్పుడు ఏ చానల్ పెట్టినా వాడి తమ్ముళ్ళే. నలుగుర్ని పిలుస్తారు, నలుగురి నోరూ మూస్తారు, ఆ గోలకి చర్చ అని పేరు. మాట్లాడనివ్వనివాడికి పిలవడం దేనికి?

అల్లుడుగారు ఇంట్లో నాలుగు నెలలు మాట తగ్గించారు. నా మీద కోపమో, తన మీద కోపమో కోటేశ్వరికీ తెలియలేదు. ఉప్పు తక్కువైతే మాత్రం, "ఏమైంది?" అని అడిగి, అది చెప్పేదాకా ముద్ద పట్టుకుని ఆగేవారు.

మళ్ళీ పునర్వసు కార్తె వచ్చింది. ఈసారి గుంటూరు వెళ్ళి తెచ్చిన పొట్లం మీద తన పేరు రాసుకుని, ఎవరూ చెప్పకుండా తానే హుస్సేను మళ్ళ దగ్గరికి బయల్దేరారు. దగ్గరుండి పోయించుకుందామని నేనూ వెనకాల వెళ్ళాను, పది గజాల దూరంలో. హుస్సేను మా ఇద్దరి ఎదుటా పొట్లం విప్పి, మడిలో గీతలు గీసి, విత్తనం పోసి మన్ను కప్పాడు. ఖాళీ పొట్లాన్ని పుల్లకి గుచ్చి అల్లుడుగారి చేతికిచ్చి, నీళ్ళ క్యాను తెస్తానని వాగులోకి దిగాడు.

ఆయన పుల్ల పాతారు. గాలికి పొట్లం జారి కిందికి దిగింది.

"ఇది కాస్త పైకి కట్టాలేమో అడుగు. వానకి తడుస్తుంది" అన్నారు అలవాటుగా.

చుట్టూ చూశాను. కోటేశ్వరి లేదు, శ్రీరమ్య లేదు, హుస్సేను ఇంకా వాగులోనే ఉన్నాడు. గేదె కూడా లేదు.

"నువ్వే కట్టు నాయనా" అన్నాను.

ఆయన ఒకసారి నా వంక చూసి, వంగి, పొట్లం పైకి జరిపి కట్టారు.